టీచర్ ఉద్యోగాలకి డిమాండ్ ఉందా మేడం?

మొన్న రాత్రి పదిన్నరకి నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది, ఫిజిక్స్. "మేడం, టీచర్ ట్రైనింగ్‌లో చేరదామనుకుంటున్నా, కానీ ఇంట్లో ఒకళ్ళేమో టీచర్లకి ఎక్కడ చూసినా కొరతే, కళ్ళు మూసుకుని చేరిపో అంటున్నారు, ఇంకొకళ్ళేమో ట్రైనింగ్ అయ్యి ఏళ్ళ తరబడి ఖాళీగా కూర్చున్నవాళ్ళని చూపిస్తున్నారు, ఇంతకీ డిమాండ్ ఉందా లేదా?" అని. ఉంది అని టైప్ చేశా, చెరిపేశా. ఇప్పుడంత బాగోలేదమ్మా అని రాయబోయా, అదీ చెరిపేశా. చివరికి "రేపు తీరిగ్గా చెప్తా నాన్నా, పడుకో" అని పంపాను గానీ నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే వాళ్ళింట్లో ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ వారంలోనే మా స్కూల్లో రెండూ కళ్ళారా చూశా. ప్రైమరీ సెక్షన్‌లో ఒక్క పోస్టు పడితే అప్లికేషన్లతో రెండు ఫైళ్ళు నిండిపోయాయి, అందులో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. అదే నోటీసులో ఉన్న ఫిజిక్స్ పోస్టుకి నాలుగు నెలల్లో వచ్చింది ముగ్గురు. ఒకరు డెమో క్లాస్ చెప్పి వెళ్ళి మళ్ళీ ఫోన్ ఎత్తలేదు, ఇంకొకరు చేరతానని మాటిచ్చి వేరే ఉద్యోగం వచ్చిందని ఆగిపోయారు, మూడో ఆయనకి సబ్జెక్ట్ మీద మంచి పట్టుంది గానీ నలభై నిమిషాలూ బోర్డుతోనే మాట్లాడారు, వెనక్కి తిరిగి పిల్లల మొహాలు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పోస్టు ఇప్పటికీ ఖాళీయే, ఆ పీరియడ్లు నేనూ ఇంకో మేడమూ పంచుకుంటున్నాం. ఆ అమ్మాయికి జవాబు రాద్దామని కూర్చుంటే అది మెసేజ్‌లో పట్టేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా, ఇదే ప్రశ్న ఉన్న వేరేవాళ్ళకి కూడా పనికొస్తుందని.

ముందు పెద్ద లెక్క చెప్తా. యునెస్కో 2024లో టీచర్ల మీద ఒక ప్రపంచ నివేదిక వేసింది, 2030 నాటికి పిల్లలందరికీ ప్రైమరీ, సెకండరీ చదువు అందాలంటే ఇంకా 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు కావాలి అని. ఒక్క సబ్ సహారా ఆఫ్రికాకే కోటీ 50 లక్షల మంది, దక్షిణాసియాకి 78 లక్షల మంది. ఈ అంకె చూసే చాలామంది "చూశారా ఎంత డిమాండో" అని వీడియోలు చేసేస్తున్నారు. కానీ కావాల్సిన టీచర్లు వేరు, పడే ఉద్యోగాలు వేరు. 4 కోట్ల 40 లక్షలు అనేది పిల్లల అవసరం. ఆ అవసరం ఉద్యోగంగా మారాలంటే ఎవరో ఒకరు పోస్టు మంజూరు చెయ్యాలి, జీతానికి డబ్బు పక్కన పెట్టాలి, నోటిఫికేషన్ ఇవ్వాలి. ఈ మూడూ జరగని చోట క్లాసులో ఎనభై మంది పిల్లలుంటారు, అదే ఊళ్ళో ట్రైనింగ్ అయిన టీచర్ ఖాళీగా ఉంటుంది, కాగితం మీద ఖాళీ ఒక్కటి కూడా కనపడదు. నాకైతే ఈ రంగంలో అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే.

ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ 4 కోట్ల 40 లక్షల్లో సగానికి పైగా కొత్తగా పుట్టే పోస్టులు కావు, ఉన్న టీచర్లు వదిలేసి వెళ్ళిపోతే వాళ్ళ చోట్లో పెట్టాల్సినవి. దీని దగ్గరికి మళ్ళీ వస్తా, నేను అసలు చెప్పాలనుకున్నది అదే.

ఇప్పుడు సబ్జెక్టుల సంగతి. టీచర్ల మార్కెట్ అని ఒక్కటి లేదు, పది పదిహేను చిన్న చిన్న మార్కెట్లు ఉన్నాయి, ఒక్కోదాని క్యూ ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఏటా ఏ సబ్జెక్టుకి ఎంతమందిని ట్రైనింగ్‌లో చేర్చుకోవాలో ప్రభుత్వం ముందే టార్గెట్ పెట్టి, చివరికి ఎంతమంది చేరారో బయటపెడుతుంది కాబట్టి అక్కడ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2023-24లో ఫిజిక్స్‌లో టార్గెట్‌లో 17 శాతమే చేరారు, వంద మంది కావాల్సిన చోట పదిహేడు మంది అన్నమాట. అదే సంవత్సరం పీఈటీ కోర్సులో, హిస్టరీలో టార్గెట్ దాటిపోయింది. అదే దేశం, అదే ట్రైనింగ్, జీతాల స్కేలూ ఒకటే. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకి బయట వేరే తలుపులు చాలా ఉన్నాయి, చాలావాటిలో జీతం స్కూలు కన్నా ఎక్కువే, అందుకే వాళ్ళు రారు. అక్కడ ఈ సబ్జెక్టుల్లో ట్రైనింగ్‌కి చేరితే ప్రత్యేకంగా బర్సరీ, అంటే చదువు ఖర్చులకి డబ్బు, ఇస్తారు, అయినా ఆ ఏడాది సీట్లు నిండలేదు. కాబట్టి ఎవరైనా "టీచర్లకి డిమాండ్ ఉంది" అంటే ఏ సబ్జెక్టు, ఏ క్లాసులు, ఏ ప్రాంతం అని మూడు ప్రశ్నలు వెంటనే అడగండి, ఆ మూడూ చెప్పకుండా ఇచ్చే సలహా నమ్మొద్దు.

ఫిజిక్స్ టీచర్ దొరకని చోట ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, బయటివాళ్ళకి తెలీదు. పీరియడ్ ఆగదు. టైమ్ టేబుల్‌లో ఆ గడి ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరి పేరు రాస్తారు. మా దగ్గర బయాలజీ మేడం పేరు రాశారు. ఆవిడ చాలా మంచి టీచర్, ఆవిడ గుండె గురించి చెప్తుంటే పిల్లలు తమ గుండె మీద చెయ్యి వేసుకుని వింటారు. అలాంటి మనిషి ఒక రోజు లీజర్ పీరియడ్‌లో నా పక్కన కూర్చుని కుంభాకార కటకం బొమ్మ వేస్తోంది, వస్తువు నాభికీ కటకానికీ మధ్య ఉన్నప్పుడు కిరణాలు అవతల కలవట్లేదు, మూడుసార్లు వేసి మూడుసార్లు రబ్బరుతో తుడిచింది, కాగితం చిరిగేదాకా. "వీటిని వెనక్కి పొడిగించాలి మేడం, ఇటువైపు కలుస్తాయి, అందుకే మిథ్యా ప్రతిబింబం" అని స్కేలు పెట్టి గీసి చూపించా. ఒక్క క్షణం చూసి, "నిన్న క్లాసులో ఒక పిల్లాడు ఇదే అడిగాడు, పుస్తకంలో ఉన్నట్టు రాసుకోమన్నాను" అంది, గొంతు తగ్గిపోయింది. ఆ పిల్లాడికి కొరత అంటే అదీ. లెక్కల్లో ఆ క్లాసుకి టీచర్ ఉన్నట్టే.

స్పెషల్ ఎడ్యుకేషన్ మాట కూడా చెప్పాలి. వినికిడి లోపం, ఆటిజం, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల్ని మామూలు స్కూళ్ళలోనే చేర్చుకోవాలని చాలా దేశాల్లో చట్టాలు వచ్చాయి, అమెరికాలో అయితే 1975 నుంచే ఉంది. చట్టం వచ్చాక పిల్లలు వచ్చారు, వాళ్ళకి చెప్పడం తెలిసిన టీచర్లు మాత్రం ఆ లెక్కలో రాలేదు. దశాబ్దాలుగా కొరత తీరని విభాగం ఇది. ఓపిక, ఇష్టం ఉన్నవాళ్ళు ఎవరైనా అడిగితే నేను మొట్టమొదట ఈ దారే చెప్తా, ఉద్యోగం కోసం మాత్రమే కాదు, ఆ పిల్లలకి ఒక్క మంచి టీచర్ వల్ల వచ్చే మార్పు కళ్ళముందే కనపడుతుంది.

ఇక ప్రైమరీ వైపు ఎందుకంత రద్దీ, అక్కడ ముందు ముందు ఎలా ఉంటుంది అంటే, అది చాలావరకు పుట్టే పిల్లల లెక్క. దక్షిణ కొరియాలో 2023లో సంతాన రేటు 0.72కి పడిపోయింది, అంటే సగటున ఒక స్త్రీకి ఒక్క బిడ్డ కూడా లేనట్టు. అక్కడ ప్రభుత్వం కొత్త టీచర్ల నియామకాలు తగ్గించేస్తోంది, పరీక్ష పాసైనవాళ్ళు కూడా పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్నారు. చైనాలో కిండర్‌గార్టెన్లు వేల సంఖ్యలో మూతపడుతున్నాయి. ఇందులో కొంచెం ముందుచూపుకి దారి ఉంది, ఈ ఏడాది పుట్టిన పిల్లలు ఆరేళ్ళకి ఒకటో తరగతికి వస్తారు, పదకొండు పన్నెండేళ్ళకి హైస్కూల్‌కి వస్తారు, అంటే మీరు ఉండబోయే ప్రాంతంలో జననాలు ఎలా ఉన్నాయో చూస్తే ప్రైమరీ పోస్టులు ఎటు పోతాయో ఆరేళ్ళ ముందే తెలుస్తుంది. ఆ వివరాలు ప్రభుత్వాలే బయటపెడతాయి, దాచేదేం లేదు. అయినా కోర్సులో చేరేముందు ఎవరూ చూడరు, సీట్లు పెంచే కాలేజీలు కూడా చూడవు.

కానీ పిల్లలు తగ్గితే టీచర్ ఉద్యోగాలు పోతాయి అని ఒక్క గీతలో తేల్చేస్తే అదీ తప్పే. జపాన్ చూడండి. అక్కడ పిల్లలు తగ్గుతూనే ఉన్నారు, అయినా టీచర్ల కొరత గురించి గగ్గోలు పెడుతున్నారు. 2000లో ప్రైమరీ టీచర్ పరీక్షకి ఒక్కో పోస్టుకి 12.5 మంది పోటీపడేవాళ్ళు, 2023కి అది 2.3కి వచ్చేసింది. ఒకప్పుడు పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో గంపగుత్తగా చేర్చుకున్న టీచర్లందరూ ఒకేసారి రిటైర్ అవ్వడంతో ఖాళీలు పెరిగాయి, ఈలోపు అక్కడ టీచర్ పని ఎంత భారమో దేశమంతా తెలిసిపోయింది. ఎక్కువగా ధనిక దేశాలున్న ఓఈసీడీ అనే కూటమి 2018లో టీచర్ల మీద చేసిన టాలిస్ అనే సర్వేలో జపాన్ హైస్కూల్ కింది తరగతుల టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నారని తేలింది, పాల్గొన్న దేశాల సగటు 38. తెలివైన కుర్రవాళ్ళు ఆ అంకె చూసి వేరే దారి పట్టారు, వాళ్ళని తప్పు పట్టలేం.

ఇక్కడే ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది, నా సర్వీసులోనే అది ఒకసారి పూర్తిగా తిరగడం చూశా. నియామకాలు కొన్నేళ్ళు ఆపేస్తారు. ట్రైనింగ్ అయినవాళ్ళు ఖాళీగా ఉండటం చూసి తర్వాత బ్యాచ్ పిల్లలు ఆ కోర్సు మానేస్తారు. కోర్సు పూర్తవ్వడానికి రెండు మూడేళ్ళు, డిగ్రీతో కలిపి అయితే ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తగ్గుదల వెంటనే కనపడదు, సరిగ్గా రిటైర్మెంట్లు పెరిగే సమయానికి కనపడుతుంది. అప్పుడు గాభరాగా అర్హతలు సడలించి, ఆరు వారాల ట్రైనింగులు పెట్టి, ఎవరు దొరికితే వాళ్ళని తీసుకుంటారు. వాళ్ళలో చాలామంది నిలబడరు. మళ్ళీ ఖాళీలు. డబ్బు విషయంలో కూడా ఇంతే, అమెరికాలో కోవిడ్ వచ్చాక స్కూళ్ళకి కేంద్రం దాదాపు 19 వేల కోట్ల డాలర్లు ఇచ్చింది, దాంతో చాలా జిల్లాలు కొత్తగా టీచర్లని, కౌన్సెలర్లని తీసుకున్నాయి, 2024 సెప్టెంబర్‌తో ఆ నిధుల గడువు ముగిసేసరికి కొన్ని చోట్ల అవే పోస్టులు తీసేశారు. పోస్టు ఏ డబ్బుతో నడుస్తోందో చేరేముందు అడగడం అమర్యాదేం కాదు.

ఇప్పుడు ఇందాక ఆపిన దగ్గరికి వస్తా. రిచర్డ్ ఇంగర్‌సాల్ అని అమెరికాలో ఒక సమాజ శాస్త్రవేత్త ఉన్నారు, ఆయన కూడా ముందు స్కూల్ టీచరే. 2001 నుంచి ఆయన ఒకటే మాట చెప్తూ వస్తున్నారు, కొరతకి పెద్ద కారణం టీచర్లు తయారవ్వకపోవడం కాదు, తయారైనవాళ్ళు నిలబడకపోవడం, చిల్లులున్న బకెట్‌లో ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం ఏం లాభం అని. వాళ్ళ అంచనా ప్రకారం అక్కడ కొత్త టీచర్లలో 44 శాతం మంది ఐదేళ్ళలోపే వెళ్ళిపోతున్నారు. యునెస్కో లెక్కల్లో కూడా ప్రపంచవ్యాప్తంగా ప్రైమరీ టీచర్లలో ఏడాదికి వృత్తి వదిలేసేవాళ్ళు 2015లో 4.6 శాతం ఉంటే 2022కి 9 శాతం దాటిపోయారు. ఏడేళ్ళలో దాదాపు రెట్టింపు.

ఇలా వదిలేసి వెళ్ళినవాళ్ళలో ఒకమ్మాయిని నేను చూశా. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో మ్యాథ్స్ టీచర్‌గా చేరింది, మొదటి ఉద్యోగం. లెసన్ ప్లాన్ పుస్తకంలో ప్రతి పేజీ మార్జిన్‌లో చిన్న అక్షరాలతో పిల్లల పేర్లు రాసుకునేది, ఈ లెక్క దగ్గర ఎవరు ఆగిపోయారో, రేపు ఎవరిని ముందు అడగాలో. అలాంటి టీచర్‌కి ఆ స్కూలు ఏమిచ్చిందంటే, సీనియర్లు వద్దన్న సెక్షన్లన్నీ ఇచ్చింది, వారానికి ముప్పై ఎనిమిది పీరియడ్లు, పైన ఎవరు సెలవు పెట్టినా సబ్‌స్టిట్యూషన్ ఆమెకే, సాయంత్రం బస్ డ్యూటీ, ఆదివారం వాట్సాప్ గ్రూప్‌లో పేరెంట్స్‌కి జవాబులు. పక్కన కూర్చుని ఇలా చెయ్యమ్మా అని చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు లేరు, నేను కూడా నా నోట్సులు దిద్దుకునే హడావిడిలో వారానికి ఒకసారైనా కూర్చోలేకపోయా, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. ఫిబ్రవరిలో, పరీక్షలకి నెల ముందు, రాజీనామా ఇచ్చేసింది. వెళ్ళేరోజు ఆ లెసన్ ప్లాన్ పుస్తకం నాకిచ్చి, "తర్వాత వచ్చేవాళ్ళకి ఇవ్వండి మేడం, పేర్లున్నాయి కదా, పనికొస్తాయి" అంది. తర్వాత ఆ ఏడాది ఎవరూ రాలేదు.

ఆ అమ్మాయికి చదువు చెప్పడం ఇష్టం లేక వెళ్ళలేదు. చెప్పే పనికన్నా మిగతా పనే ఎక్కువైపోయి వెళ్ళింది. జీతం కూడా ఉందనుకోండి, యునెస్కో చెప్పిన ప్రకారం అదే స్థాయి చదువు కావాల్సిన ఇతర వృత్తులతో సమానంగా ప్రైమరీ టీచర్లకి జీతం ఇస్తున్న దేశాలు సగమే. కానీ నేను చూసినంతవరకు జీతం తెలిసే చేరతారు, చేరాక తెలిసేవి వేరే ఉంటాయి, మనుషుల్ని బయటికి తోసేవి అవే. ఫిన్లాండ్‌లో టీచర్ అవ్వాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, 1970ల చివర్లోనే పెట్టారు ఆ నియమం, అయినా సీట్ల కోసం పోటీ ఉంటుంది. అక్కడి టీచర్ల జీతాలేం ఆకాశంలో ఉండవు. క్లాసులో ఏది ఎలా చెప్పాలో టీచర్‌కే వదిలేస్తారు, ఆ నమ్మకం కోసం వచ్చేవాళ్ళు చాలామంది.

బయటి దేశాల అవకాశాల గురించి కూడా ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నిజమే, డబ్బున్న దేశాలు తమ ఖాళీలు నింపుకోవడానికి బయటినుంచి టీచర్లని తీసుకుంటున్నాయి, ఫిలిప్పీన్స్, జమైకా నుంచి ఏళ్ళుగా వెళ్తున్నారు. ఇలా వెళ్ళడం వల్ల చిన్న దేశాల స్కూళ్ళు ఖాళీ అయిపోతుంటే 2004లో కామన్వెల్త్ దేశాలు కలిసి టీచర్ల నియామకం మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి, వెళ్ళే టీచర్‌కీ న్యాయం జరగాలి, పంపే దేశమూ నష్టపోకూడదు అని. వెళ్ళాలనుకునేవాళ్ళు ఏజెంట్ మాట కాకుండా ఆ దేశంలో టీచర్ లైసెన్స్ ఇచ్చే సంస్థ సైట్ చూసుకోండి, మీ డిగ్రీని గుర్తిస్తారా లేదా అనేది అక్కడే తేలుతుంది.

ఏఐ వచ్చేసింది కదా, ఇంక టీచర్లెందుకు అనే ప్రశ్న గురించి పెద్దగా రాయను. కోవిడ్‌లో ప్రపంచంలో ఉన్న పాఠాలన్నీ ఫోన్‌లో ఉన్నాయి, పిల్లలు నేర్చుకోలేకపోయారు, అది మనందరం చూశాం. ప్రశ్నపత్రాలు తయారుచెయ్యడం, వర్క్‌షీట్లు, రిపోర్టులు, వీటిలో ఏఐ సాయం తీసుకుంటే నాకు సంతోషమే, మార్జిన్‌లో పేర్లు రాసుకోవడానికి టైమ్ మిగులుతుంది.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశా. నలభై నిమిషాలు మాట్లాడా. ఫిజిక్స్ కాబట్టి ఉద్యోగం దొరకడం నీకు సమస్య కాదురా, మంచి చోట దొరకడమే చూసుకోవాలి అన్నా. ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్ళు నిన్ను అడిగినట్టే నువ్వూ అడుగు, పోయిన ఏడాది ఈ స్కూలు నుంచి ఎంతమంది టీచర్లు వెళ్ళిపోయారు, నాకు వారానికి ఎన్ని పీరియడ్లు, మొదటి ఏడాది నా పక్కన ఏ సీనియర్ ఉంటారు, ఫిజిక్స్ కాకుండా ఇంకేం చెప్పమంటారు అని. వీటికి సూటిగా జవాబు చెప్పే స్కూలు జీతం కొంచెం తక్కువిచ్చినా చేరిపో, చెప్పని స్కూలు ఎక్కువిచ్చినా ఆలోచించుకో అన్నా. ట్రైనింగ్ ఫీజు కట్టేముందు కనీసం రెండు వారాలు ఎక్కడైనా క్లాసులో వెనక బెంచీలో కూర్చోమన్నా, ఎందుకంటే స్టూడెంట్‌గా చూసిన క్లాసు వేరు, టీచర్ కళ్ళతో చూసే క్లాసు వేరు.

"మీ క్లాసులోనే కూర్చోవచ్చా మేడం?" అంది.

హెచ్‌ఎం గారిని అడిగి పర్మిషన్ తీసుకున్నా. సోమవారం మూడో పీరియడ్‌కి వస్తోంది. ఆ పీరియడ్‌కి బయాలజీ మేడం కూడా వచ్చి కూర్చుంటానన్నారు, ఆ రోజు కుంభాకార కటకం ఉంది.